దువాన్ గారి దగ్గు

పొద్దున లేచి ముఖం కడుక్కోగానే కాంగ్ షూజెన్ చేసే మొదటి పని బేరిపండు ఉడకేయడం. పండు నడుమ గుంట తీసి, అందులో పటికబెల్లం ముక్క పెట్టి, గిన్నెలో ఉంచి ఆవిరికి వేస్తుంది. అది ఉడికేలోపు బియ్యపు సేమ్యాకి ఎసరు పెట్టి, ఊరబెట్టిన ఆవాకు తరిగి, వాకిలి ఊడ్చేస్తుంది. పండు మెత్తబడ్డాక గిన్నె తీసుకెళ్లి ముందుగదిలో వెదురు కుర్చీ ఎదురుగా చిన్న బల్ల మీద పెడుతుంది. ఆ కుర్చీలో ఎవరూ ఉండరు. దగ్గు ఉంటుంది.

ఆవిరి తగిలితే దానికి కాస్త ఉపశమనం. రెండు పొడి దగ్గులు దగ్గి, వాటి వెనకాల బావిలోంచి బరువైన చేద లాగుతున్నట్టు ఒక పొడుగాటి దగ్గు దగ్గి, చివర్లో ‘హుఁ’ అని ఊరుకుంటుంది. బతికున్నప్పుడు దువాన్ చెంగ్ కూడా అచ్చం అలాగే దగ్గేవాడు. చల్లారాక ఆ పండు షూజెనే తినేస్తుంది. పారెయ్యడానికి మనసొప్పదు. రోజూ తిని తిని ఆమెకు బేరిపండంటేనే విరక్తి పుట్టింది.

దువాన్ చెంగ్ పోయి నాలుగేళ్లయింది. కొండ మీద మట్టి చేసి ఇంటికొచ్చి, అందరూ టీ గిన్నెలు చేతిలోకి తీసుకునేసరికి ముందుగదిలోంచి దగ్గు వినిపించింది. “అయ్యో, దీన్ని మర్చిపోయాం,” అన్నాడు మరిది. మళ్లీ వెళ్లి తవ్వుతారా ఏమన్నా? అందరూ టీ తాగి లేచారు. మనిషి వెళ్లిపోయాడు, దగ్గు ఉండిపోయింది. అప్పట్నుంచి చుట్టాలెవరొచ్చినా కుర్చీ వైపు తిరిగి “బాగున్నారా బావగారూ?” అని పలకరించి, తమ పని తాము చూసుకుంటారు. పక్కింటి పెంగ్ పెద్దమ్మయితే చలికాలంలో గోడ మీంచి కేకేస్తుంది, “షూజెన్! మీ ఆయన మరీ దగ్గుతున్నాడే. కాస్త అల్లం తగిలించు!” అని.

ఆ ఊరి చుట్టూ ఉన్న కొండలన్నీ పొగాకే. బడి పైకప్పు పొగాకు డబ్బు, బెంచీలు పొగాకు డబ్బు, పిల్లల కాళ్ల చెప్పులు పొగాకు డబ్బు. దువాన్ చెంగ్ పొగాకు కొనే కేంద్రంలో గ్రేడు చూసే ఉద్యోగి. పొగాకు కాల్చే కొట్టం, బ్యారన్‌లో కాల్చి తెచ్చిన ఆకుని వేళ్ల మధ్య నలిపి ఏ రకమో చెప్పేవాడు. ఆకు తెచ్చిన ప్రతి రైతూ ముందు ఒక సిగరెట్ చేతికిచ్చేవాడు. ఆ ఊళ్లో ఇచ్చిన సిగరెట్ కాదంటే ఇచ్చినవాడి మొహం మీద తలుపేసినట్టే. అంచేత నోట్లో ఒకటి, కుడి చెవి మీద ఒకటి, ఎడమ చెవి మీద ఇంకొకటి. ఇంటికొచ్చాక ఆ చెవుల మీదవి కూడా వదిలేవాడు కాదు. చలికి కిటికీలు బిగించుకుని, మంచం మీద కూర్చుని ఆయన పొగ వదులుతుంటే, అదే దీపం కింద షూజెన్ పిల్లల లెక్కలు దిద్దుకునేది. పాతికేళ్ల కాపురం అలా సాగింది.

ఇక సిగరెట్ వల్ల ఒంటికి ఏం చేటో ఆ ఊరి పిల్లలకు పాఠం చెప్పాల్సిన మనిషెవరయ్యా అంటే, ఈ షూజెనే. మే నెలాఖరున ఏడాదికోసారి ఆ పాఠం చెప్పాలని పైనుంచి ఉత్తర్వు. బడిలో మగ టీచర్లందరూ తాగేవాళ్లే. మిగిలిన ఒక్క ఆడ టీచరు “నాకు నవ్వాగదండీ” అని తప్పుకుంది. కాబట్టి నాలుగో తరగతికి లెక్కలు చెప్పే కాంగ్ టీచర్ నెత్తిన పడింది.

ఆ రోజు ఆమె వంటింట్లోంచి ఊరగాయ జాడీ తెస్తుంది. దాని మెడ చుట్టూ చిన్న కాలువలా ఉంటుంది, అందులో నీళ్లు పోసి మూత బోర్లిస్తే లోపలిది బయటికి రాదు. “రా, బడికి వేళయింది” అని మూత ఎత్తి పట్టుకుంటే దగ్గు వచ్చి జాడీలో కూర్చుంటుంది. దారి పొడుగునా అది దగ్గినప్పుడల్లా అంచున నీళ్లు బుడబుడమంటాయి. ఎదురొచ్చినవాళ్లు పక్కకి తప్పుకుని దారిస్తారు.

ఆ ఏడు హెడ్మాస్టరు నిన్ గారు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

“టీచరుగారూ, ఈసారి జిల్లా నుంచి పెద్దలొచ్చారు. పొగలేని బడి అని బోర్డిస్తారట. మీరు కాస్త మెత్తగా చెప్పండి.”

“మెత్తగా అంటే ఎలాగండీ?”

“అంటే... తాగితే చస్తారు లాంటివి వద్దు. పిల్లలు ఇంటికెళ్లి వాళ్ల నాన్నల్ని అడుగుతారు, వాళ్లొచ్చి నన్నడుగుతారు. పోయినేడు యాంగ్ గారు నా కాలర్ పట్టుకున్నంత పని చేశాడు. పొలంలో వేసేది పొగాకు, బళ్లో చెప్పేది పొగాకు విషమని, ఏం బడయ్యా ఇది అని.”

“చెప్పింది అబద్ధమేం కాదు కదండీ.”

“కాదు కాబట్టే మెత్తగా చెప్పమంటున్నా,” అని ఆయన జేబులో చెయ్యి పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తీసేశాడు.

ఇలాంటి మాటలకు షూజెన్ ఒకప్పుడు ఉడికిపోయేది. ఇప్పుడు ఓపిక లేదు. జాడీ చంక మార్చుకుని క్లాసులోకి వెళ్లింది.

పిల్లలకు ఈ పాఠమంటే పండగే. జాడీ బల్ల మీద పెట్టగానే వెనక బెంచీలవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఆమె మూత తీసింది. దగ్గు దగ్గింది. రెండు పొడివి, ఒక పొడుగాటిది, చివర హుఁ. క్లాసంతా గొల్లుమంది. ఇద్దరు ముగ్గురు అలాగే దగ్గి చూపించారు, బాగానే వచ్చింది వాళ్లకి.

“టీచర్, దువాన్ తాతగారు ఈ ఏడు ఒళ్లు చేశారు!” అన్నాడొకడు.

“కూర్చో. నవ్వింది చాలు.”

తర్వాత సీసా ఆట. ఖాళీ ప్లాస్టిక్ సీసా మూతికి సిగరెట్ బిగించి, లోపల తెల్లటి దూది పెట్టి, సీసాని నొక్కి వదులుతుంటే సిగరెట్ తనంతట తాను తాగుతున్నట్టు ఎర్రగా కాలుతుంది. అయ్యేసరికి దూది టీ ఒలికిన గుడ్డలా తయారవుతుంది. షూజెన్ ఆ దూదిని పటకారుతో పట్టుకుని బెంచీల మధ్య తిప్పింది. “ఇది ఒక్క సిగరెట్. లోపల మన ఊపిరితిత్తులు కూడా ఇలా మెత్తగానే ఉంటాయి,” అంది. జిల్లా పెద్దలు వెనక నిలబడి చప్పట్లు కొట్టి, పాఠం సగంలో ఉండగానే వసారాలోకి వెళ్లి తలా ఒకటి వెలిగించారు. ఆ పొగ కిటికీలోంచి నేరుగా క్లాసులోకి వస్తుంటే జాడీలో దగ్గు ఆగకుండా దగ్గింది. షూజెన్ వెళ్లి కిటికీ రెక్కలు వేసి వచ్చింది.

ముందు బెంచీలో యాంగ్ వాళ్ల పిల్ల యింగ్‌యింగ్ చెయ్యెత్తింది. పొద్దున్నే నారు నాటి వచ్చిందేమో, గోళ్లలో ఎర్రమట్టి అలాగే ఉంది.

“టీచర్, దూదిలోది తాతగారు మింగిన పొగ కదా. బయటికి వదిలింది ఎటు పోయుంటుంది?”

“గాల్లోకి.”

“ఏ గాల్లోకి?”

“ఇంట్లో గాల్లోకి. అందుకే, తాగేవాళ్ల పక్కన కూర్చోకూడదు. పొగ వెలిగించిందెవరని చూడదు, పక్కనున్నదెవరని చూడదు. అందరి లోపలికీ పోతుంది. రాసుకోండి,” అని షూజెన్ బోర్డు మీద రాసింది. ఏటా రాసే వాక్యమే. ఏటా పిల్లలు రాసుకునే వాక్యమే. ఇందులో సగంమంది మగపిల్లలు మీసాలు రాకముందే చెవి మీద సిగరెట్ పెట్టుకుని తిరుగుతారని ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట చదివి వెళ్లినవాడు మొన్న బజార్లో “నమస్తే టీచర్!” అని ఆప్యాయంగా పెట్టె తెరిచి చాచాడు కూడా.

పొగలేని బడి బోర్డు ఆ సాయంత్రమే గేటుకి తగిలించారు. మేకు కొట్టినవాడి నోట్లో సిగరెట్ ఉంది.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఇంట్లో ఉంది. కొడుకు దువాన్ లియాంగ్.

లియాంగ్ తండ్రి ఉద్యోగంలోనే చేరాడు. చేరిన మొదటి వారమే చెవులు రెండూ నిండాయి. పొద్దున సేమ్యా తినగానే పెరట్లోకి వెళ్లి, కోళ్ల గూడు పక్కన నిలబడి మొదటి సిగరెట్ కాలుస్తాడు. ఆ వేసవిలో షూజెన్ ఒకటి గమనించింది. వాడు పెరట్లోకి వెళ్లగానే కుర్చీలో దగ్గు లేస్తుంది. వంటిల్లు దాటి, గడప దాటి, వెనకాలే వెళ్తుంది. వాడు దమ్ము లాగి ఖళ్లుమంటే ఇది ఠక్కున ఆగిపోతుంది, చెవి ఒగ్గి విన్నట్టు. వాడు మళ్లీ దగ్గేదాకా కిమ్మనదు.

పెంగ్ పెద్దమ్మ గోడ మీద మిరపకాయలు ఎండేస్తూ అది చూసింది.

“షూజెన్, ఇట్రా. నీ దగ్గర దాచడమెందుకు? అది మీ లియాంగ్ కోసం చూస్తోందే.”

“ఏది?”

“ఇంకేది, మీ ఆయన దగ్గు. ఛాతీ లేకుండా ఎన్నాళ్లుంటుంది పాపం, జాడీలోనూ కుర్చీలోనూ? సొంత రక్తం, పైగా పొగతో వెచ్చగా ఉంది. ఏదో ఒక రోజు వాడు నోరు తెరిచి గట్టిగా దమ్ము లాగినప్పుడు దూరిపోతుంది. మా పుట్టింటి వైపు అలాగే జరిగింది.”

“దూరితే?”

పెద్దమ్మ మిరపకాయలు తిరగేసింది. దూరితే ఏమవుతుందో షూజెన్‌కి చెప్పాలా? ఆఖరి ఏడాది దువాన్ చెంగ్‌ని పడక మీద కూర్చోబెట్టి వీపు రాసింది ఆమే. నిమిషానికోసారి పళ్లెం పట్టింది ఆమే. లియాంగ్‌కి ఇంకా ఇరవయ్యారేళ్లు. షూజెన్‌కి ఆ రోజు మొదలు కంటికి కునుకు లేదు.

కొడుకుతో చెప్పింది. వాడు నవ్వాడు, తండ్రి నవ్వే.

“అమ్మా, నాన్న దగ్గు నన్నేం చేస్తుంది? ఒక మూల కూర్చుని ఉంటుంది పాపం.”

“మానెయ్‌రా లియాంగ్. నాకోసం మానెయ్.”

“మానేస్తా. పెళ్లవ్వనీ.”

అక్టోబరులో, ఆకు అమ్మకాలయ్యాక, పెళ్లి ముహూర్తం. పిల్ల యూఫెన్, దిగువ ఊళ్లో బట్టల కొట్లో పనిచేస్తుంది, మాట తక్కువ, చూపు నెమ్మది. షూజెన్‌కి నచ్చింది. నచ్చనిది ఒక్కటే. ఆ వైపు పెళ్లిళ్లలో పెళ్లికూతురు పళ్లెం పట్టుకుని ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, ప్రతి అతిథికీ తన చేత్తో సిగరెట్ ఇచ్చి, అగ్గిపుల్ల గీసి వెలిగించాలి. లైటర్ పనికిరాదు. అతిథులు ఊరికే వెలిగించుకోరు, పుల్లని ఉఫ్ అని ఊదేస్తారు. రెండు పుల్లలు ఊదొచ్చు, అది సరసం, పెళ్లికూతురు కోపం తెచ్చుకోకూడదు. మూడో పుల్ల మీద ఎవరూ ఊదరు. అన్ని బల్లలూ అయ్యాక, పోయిన మామగారి కుర్చీ. ఆయన సిగరెట్ కూడా కోడలే వెలిగించాలి. పోయినవాడు దమ్ము లాగలేడు కాబట్టి పెద్దకొడుకు నోట్లో పెట్టుకుని గట్టిగా లాగి, నిప్పు రాజుకున్నాక కుర్చీ ముందు పెట్టాలి.

“ఆ ఒక్కటీ వద్దురా,” అంది షూజెన్. “చాక్లెట్లు పంచుదాం. వేరుశనగ పంచుదాం. మీ నాన్న ముందు సారా గిన్నె పెడదాం.”

“పెళ్లిలో సిగరెట్ లేదంటే ఊరు ఊరుకుంటుందా? రైతులంతా వస్తారు. నేను వాళ్ల దగ్గర రోజూ తీసుకుంటున్నా, ఒక్క రోజు ఇవ్వనా? పైగా నాన్న వాటా ఆపితే బాబాయి వాళ్లు నాతో మాట్లాడతారా?”

“ఆ దమ్ము లాగేటప్పుడే అది నీలో దూరితే?”

“అమ్మా, నువ్వు టీచరువి. పెంగ్ పెద్దమ్మ మాటలు పట్టుకుంటావేంటి?”

షూజెన్ ఊరంతటికీ చెప్పి అలిసిపోయిన మనిషి, ఇంట్లోవాడికి చెప్పడానికి గొంతు మిగల్లేదు. ఆ రాత్రి జాడీ కడిగింది. పెళ్లి రోజు దగ్గుని దాంట్లో పెట్టి, మూత మీద రోకలి పెట్టి, వంటింటికి తాళం వేద్దామనుకుంది. తీరా ఆ రోజు పొద్దున “రా” అని ఎంత పిలిచినా కుర్చీలోంచి అది కదల్లేదు. కొడుకు పెళ్లికి తండ్రి కుర్చీ దిగడని మరిది దాన్ని కుర్చీతో సహా ఎత్తి వాకిట్లో మొదటి బల్ల దగ్గర వేశాడు. వచ్చినవాళ్లు వంగి, “దువాన్ గారూ, కోడలొచ్చేసింది, ఇంక దిగులెందుకు?” అని నవ్వుతూ వెళ్లారు.

వాకిలంతా బల్లలు. పంది మాంసం ఉడుకుతున్న వాసన, టపాకాయల పొగ, అరుపులు. రైతులు పిల్లల్ని వెంటేసుకొచ్చారు, అంటే మే నెలలో పాఠం విన్న క్లాసు దాదాపు అంతా దిగింది. ఎర్ర చీనాంబరం గౌనులో యూఫెన్ పళ్లెం పట్టుకుని మొదటి బల్ల దగ్గర నిలబడింది. ఆమె పుల్ల గీసింది. యింగ్‌యింగ్ వాళ్ల నాన్న యాంగ్ గారు సిగరెట్ పెదాల మధ్య పెట్టుకుని ముందుకి వంగాడు. ఆయన ఊదేలోపే బల్ల కింద నుంచి చిన్న తల ఒకటి లేచి ఉఫ్ అంది.

యింగ్‌యింగ్.

అందరూ నవ్వారు. “దీనికీ పెళ్లి సరసాలు తెలుసే!” అన్నాడొకాయన. రెండో పుల్ల. ఈసారి రెండు తలలు లేచాయి. ఉఫ్! మూడో పుల్ల వెలిగింది. పక్క మనిషి దగ్గరికెళ్లేసరికి పిల్లలందరికీ ఆట అర్థమైపోయింది. కుర్చీలో దగ్గు దగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు ‘పాఠం!’ అని కేకేస్తారు, అయిదారుగురు ఒక్కసారి ఊదుతారు. పళ్లెంలో కాలిన పుల్లలు గుట్టపడ్డాయి. యూఫెన్ మొహం ఎర్రబడి, చెమట పట్టి, చివరికి ఆ పిల్ల కూడా నవ్వడం మొదలెట్టింది.

“ఒరేయ్, మీ టీచరే నేర్పిందా ఇది?” అన్నాడు హెడ్మాస్టరు, మూడోసారికి అంటుకున్న సిగరెట్‌ని చెయ్యడ్డం పెట్టి కాపాడుకుంటూ.

“లేదు సార్, మాకే వచ్చింది!”

షూజెన్ వంటల పందిరి దగ్గర నిలబడి చూస్తోంది. ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఇన్నాళ్లకి ఒక ఆటలా అయినా బయటికొచ్చింది. దానికి సంతోషించడానికి కూడా ఆమెకు ఓపిక చాల్లేదు. కన్ను దువాన్ చెంగ్ కుర్చీ మీదే ఉంది. మూడో పుల్ల ఎప్పుడూ వెలుగుతుంది, అంత వరకే పిల్లల బలం. అక్కడా అంతే అవుతుంది.

ఆఖరికి యూఫెన్ ఆ కుర్చీ ముందుకొచ్చింది. వాకిలి సద్దుమణిగింది. లియాంగ్, తండ్రి వాటా సిగరెట్ తీసి పెదాల మధ్య పెట్టుకుని, కుర్చీ పక్కన ఒక మోకాలి మీద కూర్చున్నాడు. మొదటి పుల్ల. పిల్లలు ఊదేశారు. రెండో పుల్ల. ఊదేశారు. “ఇంక చాలర్రా, పెద్దాయనది,” అన్నాడు మరిది. పిల్లలు వెనక్కి తగ్గారు.

మూడో పుల్ల గీసింది యూఫెన్.

కుర్చీలో దగ్గు లేచింది. షూజెన్ విన్నది. రెండు పొడి దగ్గులు దగ్గి, పొడుగాటిది దగ్గకుండా ఆపుకుని, కుర్చీ దిగి కొడుకు వైపు వస్తోంది. లియాంగ్ దమ్ము లాగడానికి ఊపిరంతా బయటికి వదిలాడు. ఛాతీ ఖాళీగా, తలుపులు తీసి ఉంది.

ఎప్పుడు పరుగెత్తిందో షూజెన్‌కి తెలీదు. బల్లకి కాలు తగిలి గిన్నెలు దొర్లాయి. కొడుకు భుజం పట్టి వెనక్కి నెట్టి, వాడి మొహానికి తన మొహం అడ్డం పెట్టి, నోరు తెరిచి, “ఇటు రా,” అంది. “నా దగ్గరికి రా.”

తనది సొంత రక్తం కాదు. తనెప్పుడూ తాగిన మనిషి కాదు. రమ్మంటే రాదేమో, బతిమాలాలేమో, పోట్లాడాలేమో అనుకుంది. అలాంటిదేం జరగలేదు. చీకట్లో సైతం తడుముకోకుండా తన ఇంట్లోకి వచ్చే మనిషిలా అది లోపలికి వచ్చింది. ఏ గది ఎక్కడుందో దానికి ముందే తెలుసు. పాతికేళ్లుగా వదిలిన పొగంతా అక్కడే ఉంది మరి. అప్పుడు అర్థమైంది షూజెన్‌కి, అది ఇన్నాళ్లూ కొడుకు వెనక తిరిగింది కేవలం పొగ వాసనకి. దాని చోటు ఇక్కడే ఉంది. పెంగ్ పెద్దమ్మా, తనూ లియాంగ్ ఛాతీనే కాపలా కాశారు. ఏటా బోర్డు మీద ఆ వాక్యం రాసిన టీచరు కూడా తన ఛాతీ సంగతి మర్చిపోయింది.

ఆమె దగ్గింది. ఒక పొడుగాటి దగ్గు. చివర్లో ‘హుఁ’.

ఆ దగ్గు ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరి నోట్లోంచి వచ్చిందో కూడా చూశారు. యూఫెన్ చేతిలో పుల్ల వేలిదాకా కాలి, ఆ పిల్ల “అమ్మా” అని జారవిడిచింది. లియాంగ్ నేల మీద కూర్చుని తల్లి మొహం వైపే చూస్తున్నాడు. సిగరెట్ ఇంకా వాడి పెదాల మధ్యే ఉంది, వెలగకుండా.

“అమ్మా,” అన్నాడు, అది నోట్లోంచి తీసి. “నువ్వెప్పుడూ తాగలేదు కదే.”

“లేదు నాన్నా.”

“మరి ఎలా?”

ఆమె జవాబు చెప్పబోయింది, దగ్గొచ్చింది. అందుకని కొడుకు తల మీద చెయ్యి వేసింది. పెంగ్ పెద్దమ్మ వచ్చి ఆమెను పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. “నిన్ను ఎవరూ లెక్కేసుకోలేదు కదే,” అని ఆ ముసలమ్మ దారంతా ఏడ్చింది.

నగరం ఆసుపత్రిలో ఛాతీ ఫొటో తీసి చూసిన డాక్టరు ఎన్నేళ్లుగా తాగుతున్నారమ్మా అని అడిగాడు. తాగలేదంది. మళ్లీ అడిగాడు. లియాంగ్ కల్పించుకుని, “తాగలేదండీ, మా నాన్న తాగేవాడు,” అన్నాడు. డాక్టరు తలూపాడు. మచ్చ ఉంది, చిన్నదే, మందులు వాడుతూ కనిపెట్టుకుని ఉండాలన్నాడు. ఎన్నాళ్లని వాళ్లు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రోజు నుంచి లియాంగ్ సిగరెట్ ముట్టలేదు అని చెబితే కథ అందంగా ఉంటుంది. ముట్టాడు. కొనుగోలు కేంద్రంలో ఎవరో ఇస్తే కాదనలేక ముట్టాడు. ఇంకోసారి పెరట్లో, కోళ్ల గూడు వెనక. పుల్ల గీయగానే ఇంట్లోంచి తండ్రి దగ్గు వినిపించింది. వంటింట్లో తల్లి గోడకి చెయ్యి ఆనించి, నడుం వంగి దగ్గుతోంది. వాడు పుల్ల పారేసి లోపలికెళ్లి ఆమె వీపు రాశాడు. ఆ తర్వాత ఎవరిచ్చినా “వద్దు పెద్దాయనా, మా అమ్మకి దగ్గొస్తుంది,” అనడం మొదలెట్టాడు. మొదట్లో జనం మొహాలు ముడుచుకున్నారు. తర్వాత ఇవ్వడం మానేశారు. ఉద్యోగానికి దాంతో ఇబ్బందేం రాలేదు, వస్తుందని మాత్రం చాన్నాళ్లు భయపడ్డాడు.

మళ్లీ మే నెలాఖరు వచ్చింది. ఈ ఏటికి మానెయ్యండి టీచరుగారూ, అన్నాడు హెడ్మాస్టరు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. షూజెన్ మానలేదు. లియాంగ్ మూడు చక్రాల బండిలో ఆమెను బడికి తీసుకొచ్చి, క్లాసు బయట గోడకానుకుని నిలబడ్డాడు. ఎక్కువసేపు నిలబడే ఓపిక షూజెన్‌కి లేదు కాబట్టి బల్ల పక్కన కుర్చీ వేశారు గానీ, ఆమె నిలబడే మొదలుపెట్టింది.

“పిల్లలూ, ఈ రోజు...” అంది.

రెండు పొడి దగ్గులు. ఒక పొడుగాటిది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. కొత్తగా నాలుగోకి వచ్చిన పిల్లలు, అన్నల దగ్గరా అక్కల దగ్గరా ఈ పాఠం ఎంత సరదాగా ఉంటుందో విని వచ్చినవాళ్లు. ఒక్కడు కూడా నవ్వలేదు. ఆమె మళ్లీ “ఈ రోజు” అంది. మళ్లీ దగ్గొచ్చింది. మూడోసారి మాట కూడా రాలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని, బల్ల అంచు ఆసరా చేసుకుని, ఊపిరి కోసం ఆగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత అలసటగా ఉంది.

లియాంగ్ లోపలికి వచ్చాడు. చిన్నప్పుడు ఇదే గదిలో చదివినవాడు, జాడీ లేని రోజుల్లో ఇదే పాఠం విని ఇదే బెంచీల మీద నవ్వినవాడు. తల్లి వేళ్ల మధ్య నుంచి సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు వైపు తిరిగాడు గానీ ఏం రాయాలో తోచక మళ్లీ పిల్లల వైపు తిరిగాడు.

“నాకు పాఠం చెప్పడం రాదు,” అన్నాడు. “మా అమ్మ ఒక్క సిగరెట్ కూడా తాగలేదు. మా నాన్న తాగాడు. నేను తాగాను. అమ్మ ఆ గదిలో కూర్చుని మీ అన్నల లెక్కలు దిద్దింది. అంతే చేసింది.”

సుద్దముక్క బల్ల మీద పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. కాంగ్ టీచర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా కూర్చుంది.